డాక్టరుగారి పచ్చ, మా పచ్చ

మా ఆడబిడ్డను ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది. తక్కువ చేసి మాట్లాడితే ఒళ్లు మండుతుంది. ఆమె విమానం నడిపిందని చెబితే కొత్తవాళ్లు మొదట నవ్వుతారు. "మంథని పిల్లా? విమానమా?" అంటారు. అవును, మంథని పిల్లే, విమానమే! గాలిలోకి లేవకముందు ఆమె కరీంనగర్‌లో ఒక చీకటి గదిలో కూర్చుని రంగుల పేర్లు చెప్పిన రోజు ఒకటుంది. నేను చెప్పాలనుకున్నది ఆ రోజు గురించే.

నేను మెట్‌పల్లి నుంచి మంథనికి కోడలిగా వచ్చేసరికి ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. అత్తమ్మ అంతకుముందే కాలం చేసింది. మిగిలింది మా మామ, మా ఆయన, ఈ పిల్ల. మామ బడిపంతులు. నిజాం కాలంలో ఉర్దూలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత అవే పాఠాలు తెలుగులో చెప్పడం నేర్చుకున్న మనిషి. నెమ్మదిగా మాట్లాడేవాడు. కానీ ఒకసారి నోట్లోంచి మాట వచ్చిందంటే ఇక అంతే, దాన్ని వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు లేదు. కొంగు తలమీద కప్పుకుని తలుపు చాటునుంచి వినడమే తప్ప నేను ఆయన ఎదుట నిలబడి మాట్లాడేదాన్ని కాదు. అప్పటి కోడళ్ల పద్ధతి అది. ఏదైనా అడగాలంటే "పిల్లా, మీ బాపును అడుగు" అని ఆడబిడ్డను పంపేదాన్ని. నా నోటికి అది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు.

పోలీసు యాక్షన్ రోజుల్లో మంథని మీదుగా విమానాలు పోయాయట. అప్పటికి నేనింకా పుట్టింట్లోనే ఉన్నాను, ఈ ముచ్చట మా ఆయన చెప్పిందే. చప్పుడు వినగానే వాడకట్టంతా తలుపులు బిగించుకుని లోపల నక్కితే, ఈ పిల్ల మాత్రం గోదావరి ఇసుకలోకి ఉరికి, మెడ నొప్పి పుట్టేదాకా మీదికి చూసిందట. మామ వెతుక్కుంటూ పోయి రెక్క పట్టుకుని లాక్కొస్తుంటే భయం లేదు, ఏడుపు లేదు, ఒకటే ప్రశ్న.

"బాపూ, అండ్ల నడిపేటోడు ఏడ కూసుంటడు?"

ఊరంతా బాంబుల గురించి మాట్లాడుకుంటుంటే ఈమెగారికి కావలసింది కూర్చునే చోటు!

ఆ తర్వాత హైదరాబాదుకు చదువుకు పోయింది. అక్కడొక ఫ్లయింగ్ క్లబ్బు ఉందనీ, చదువుకునే పిల్లలు కొందరికి సర్కారే చాలా ఖర్చు భరించి విమానం నడపడం నేర్పిస్తుందనీ తెలుసుకుని దరఖాస్తు పెట్టుకుంది. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. సెలవులకు వచ్చి, అన్నం తింటూ తింటూ, "వదినె, నాకు సీటు దొరికింది" అన్నది. నేను బస్సులో సీటనుకున్నాను. "పొద్దటి బస్సుకేనా?" అని అడిగాను కూడా. పొలమారేటట్టు నవ్వింది.

నేను చేటలో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని ఆమె నాకు ఆ నియమాలన్నీ చదివి చెప్పేది. మొదట్లో పక్కన గురువు ఉంటాడట. ఇద్దరి ముందూ నడిపే కర్రలు ఉంటాయి, తప్పు చేస్తే ఆయన సరిచేస్తాడు. కానీ గురువు దిగిపోయి ఒంటరిగా వదలాలంటే విద్యార్థి లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు ఇవ్వాలంటే వయసు రుజువు ఉండాలి, గాలి గురించీ మబ్బుల గురించీ ఎగిరే పద్ధతుల గురించీ అడిగితే జవాబు చెప్పగలగాలి. వీటన్నిటికీ ముందు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. చూపు, చెవి, గుండె, ఊపిరి, నరాలు, అన్నీ చూస్తారు. చూపులో మళ్లీ దూరంది వేరు, దగ్గరిది వేరు, రంగులు వేరు. పెళ్లిచూపుల్లో కూడా మనిషిని ఇంత నిదానంగా చూడరు కదా అనిపించింది. ఆ నియమాలు రాసినవాళ్లెవరో గానీ నాకు వాళ్లమీద గౌరవం కలిగింది. ఊరికే ఎవర్నిపడితే వాళ్లను మీదికి పంపడం లేదన్నమాట.

"రంగులు ఎందుకే? మీదికి పోయి చీరెలు కొంటవా?" అన్నాను.

"క్లబ్బు విమానంల రేడియో ఉండది వదినె. కిందున్నోళ్లు మీదున్నోళ్లకు దీపంతోనే చెప్తరు. ఎర్ర దీపం వెడితే దిగొద్దు, చుట్టు తిరుగు అన్నట్టు. ఆకుపచ్చ వెడితే దిగుమన్నట్టు. ఆ తేడా తెల్వకుంటే పానాలే పోతయి."

వయసు రుజువు దగ్గరే మొదటి తమాషా జరిగింది. ఆమె చిన్నప్పటి బడి కాగితంలో పుట్టిన సంవత్సరం ఫసలీలో ఉంది, నిజాం సర్కారు లెక్క. పదమూడు వందల నలభై చిల్లర. క్లబ్బులో గుమాస్తా కొత్తవాడు, ఆ అంకెను ఇంగ్లీషు లెక్కలో చదువుకుని, "అమ్మా, మీరు కాకతీయులు పోయిన కొన్నాళ్లకే పుట్టారన్నమాట" అన్నాడట. ఆమె కోపం తెచ్చుకోలేదు. "అందుకే సార్, ఇంక లేటు చెయ్యకుండ్రి" అన్నదట. అది ఆమె తీరు. నేనైతే అక్కడే దులిపేసి వచ్చేదాన్ని.

మామ మొదట్లో ఔననలేదు, కాదనలేదు. రెండు మూడు రోజులు ఆలోచించి, వాకిట్లో కూర్చుని కూతుర్ని పిలిచాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"బిడ్డా, నాకు విమానాల గురించి ఏం తెల్వది. తెల్వనిదాండ్ల నేను అడ్డం పడ. డాక్టర్ చూసి మంచిగున్నవంటే పో. డాక్టర్ వద్దంటే మాత్రం గీ ముచ్చట మళ్ల నా ఇంట్ల వినవడొద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట బాపూ," అన్నది వెంటనే.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. "రెండో డాక్టర్ దగ్గరికి పోవచ్చని ముందే అడగకపోతివి" అని లోపలికి రాగానే గొణిగాను. ఆమె నవ్వి, "నా ఒంట్ల ఏం లోపమున్నదని?" అన్నది. పైగా సర్టిఫికెట్టు ఆ నెలాఖరులోగా క్లబ్బుకు చేరాలి, చేరకపోతే సీటు తర్వాతి పేరుకు పోతుంది. ఉన్నది ఒకటే అవకాశం. అది పోతే ఇంకొకటి లేదు. అది నాకు ఎంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. అయినా ఆ రోజు రెండు పూటలా కడుపునిండా తిన్నది.

ఇలాంటి పరీక్ష చేసి సంతకం పెట్టే అధికారం ఉన్న డాక్టరు ఒకాయన కరీంనగర్‌లోనే ఉన్నాడని తెలిసింది. చాలాకాలం మిలిటరీలో పైలట్ల కళ్లూ చెవులూ చూసినవాడట. కొడుకు ఉద్యోగం ఇటు పడితే వెంట వచ్చి, ఇంటి ముందు గదుల్లోనే దవాఖానా తెరిచాడు. కోస్తా మనిషి. ఈ ప్రాంతానికి వచ్చి నెల కూడా కాలేదు. ఆంధ్రప్రదేశ్ అయ్యాక అటువాళ్లు మా దిక్కు రావడం, మావాళ్లు అటు పోవడం అప్పుడప్పుడే మొదలైంది.

పెద్దపల్లి మీదుగా బస్సులో కరీంనగర్ పోయాం. మామ, ఆమె, తోడు నేను. నేను మెట్‌పల్లి అంగట్లో కొనుక్కున్న కొత్త చీర కట్టుకున్నాను, చామంతి పువ్వు రంగుది. మంచి పనికి పోతున్నాం కదా అని.

డాక్టరు తెల్లటి మీసాల మనిషి, నడుము నిటారుగా ఉంది. మామను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, "ఆడపిల్ల కదా, మీరూ లోపలికి రండమ్మా" అని నన్ను గదిలోకి పిలిచాడు. ఆ మర్యాద నాకు నచ్చింది. నేను మూలన ఒక స్టూలు మీద కూర్చుని అంతా చూశాను.

ఎత్తు చూశాడు, బరువు చూశాడు, మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టాడు. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నాడు. నేను మూలన కూర్చునే కళ్లు మూసుకుని చూశాను, స్టూలు మీదే తూలిపోయాను. ఆమె మాత్రం కదలలేదు. ఒక రబ్బరు గొట్టం నోట్లో పెట్టి, ఊది పాదరసాన్ని ఒక గీతదాకా లేపి అక్కడే ఆపమన్నాడు. డాక్టరు గడియారం చూస్తున్నాడు, చూస్తున్నాడు, ఈమె ఆపే ఉంచింది. మంథనిలో గోదావరిలో మునిగి ఎవరు ఎక్కువసేపు ఉంటారని మగపిల్లలతో పందెం కాసిన ఊపిరి అది! ఆయన గడియారం జేబులో పెట్టేసి, "చాలు తల్లీ, చాలు, నాకే ఆయాసం వస్తోంది" అన్నాడు. వెనక నిలబడి గుసగుసగా ఏవో మాటలు చెబితే, ఆయన యాసతో సహా తిరిగి చెప్పింది. డాక్టరు పకపకా నవ్వాడు. ఇక సర్టిఫికెట్టు మా కొంగున కట్టినట్టే అనుకున్నాను.

చివరిది రంగుల పరీక్ష. కిటికీలు మూసి, నల్ల తెర దించి, గది చీకటి చేశాడు. దూరంగా ఒక లాంతరు. దానికి చిన్న రంధ్రం, లోపల రంగు అద్దాలు మారుతుంటాయి. ఆమె "రెడ్" అని మొదలుపెట్టగానే ఆయన ఆపాడు.

"తెలుగుపిల్లవేగా, హాయిగా తెలుగులో చెప్పమ్మా. ఇన్నేళ్లూ పరాయి భాషలు విని విని నా చెవులు వాచిపోయాయి."

పాపం, ప్రేమతోనే అన్నాడు. మా కొంప ముంచింది ఆ ప్రేమే.

"ఎర్ర," అన్నది. ఎర్రదే. "ఆకుపచ్చ." ఔను, ఆకుపచ్చే. "తెల్ల." తర్వాత చామంతి పువ్వులాంటి వెలుతురు వచ్చింది, నా చీర లాంటిది. "పచ్చ," అన్నది.

డాక్టరు లాంతరు మీదికి వంగి అద్దం సరిచూశాడు. "మళ్లీ చూడు తల్లీ. తొందరేం లేదు."

"పచ్చనే సార్."

అద్దాలు గిరగిరా తిప్పాడు. ఎర్ర, తెల్ల, ఆకుపచ్చ, మళ్లీ అదే చామంతి వెలుతురు. "ఇది?"

"పచ్చ."

"బాగా చూసి చెప్పు. పచ్చేనా?"

"ఔను సార్, పచ్చ."

ఆయన నిట్టూర్పు చీకట్లో నాకు వినిపించింది. పచ్చను పచ్చ అంటుంటే ఈయన ఇన్నిసార్లు ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. పెద్దవాడు కదా, ఆయనకే కళ్లు మసకలేమో అనుకున్నాను.

తెర తీశాడు.  కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మామను లోపలికి పిలిపించాడు.

"పంతులుగారూ, మీ అమ్మాయి బంగారం. ఇంత గట్టి ఊపిరి నేను సిపాయిల్లో కూడా చూడలేదు. కానీ నేను సంతకం చెయ్యలేను. రంగులు పట్టలేకపోతోంది. ఆకుపచ్చ వేసినా, పసుపు వేసినా రెండిటికీ పచ్చే అంటోంది. ఆకాశంలో ఉన్నప్పుడు ఆ తేడా తెలియకపోతే ఎలా?" కళ్లజోడు పెట్టుకుని అన్నాడు, "ఆడపిల్లల్లో ఈ లోపం బహు అరుదు. తండ్రికి ఉంటే తప్ప కూతురికి రాదు. ఏమీ అనుకోకండి, మీ కోడలు కట్టుకున్న చీర ఏ రంగో చెప్పండి?"

మామ జన్మలో నా చీర వైపు చూసి ఉండడు. ఆ రోజు ఒక్కసారి తలెత్తి చూసి, వెంటనే దించేసి, "పచ్చ" అన్నాడు.

డాక్టరు తల ఊపాడు. "అదే అనుకున్నాను," అన్నాడు బాధగా.

మామ ముఖంలో రక్తం ఇంకిపోయింది. గోడకు చెయ్యి ఆన్చాడు. ఎప్పుడూ మాట తడబడని మనిషి తడబడ్డాడు. "నా నుంచేనా బిడ్డా? నా నెత్తురే నీకు అడ్డం వచ్చిందా?" అన్నాడు.  ఆమె వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుని, "అట్లనకు బాపూ" అన్నది. ఆయన కాసేపటికి కూడదీసుకుని, "పా. మాట అనుకున్నం గద," అన్నాడు. ఆమె సంచీ తీసుకుంది. ఏడవలేదు, బతిమాలలేదు. అనుకున్న మాట ప్రకారం, ఇసుకలో నిలబడి మీదికి చూసిన నాటి కోరికను అక్కడే వదిలేసి బయటికి నడవబోయింది. చిన్నపిల్ల! ఆ నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. నాకు మాత్రం లేదు.

"ఆగుండ్రి!" అన్నాను. మామ ఎదుట నా గొంతు పైకి లేవడం అదే మొదలు. కొంగు జారింది, సర్దుకోలేదు. "డాక్టర్ సాబ్, పచ్చచీరెను పచ్చ అనకుంటే మరేమంటరు?"

ఆయన నా వైపు అదోలా చూశాడు. "నీకూ పచ్చగానే కనిపిస్తోందా అమ్మా?"

"కనవడక? నేనే ఏరి ఏరి కొనుక్కున్న!"

"మీది మేనరికమా?"

నాకు తిక్క రేగింది. "మేనరికమూ లేదు ఏం లేదు! మాది మెట్‌పల్లి, వీళ్లది మంథని. లగ్గమయ్యేదాక ఒకల మొఖం ఒకలు సుత చూసుకోలే!"

డాక్టరు తలుపు దగ్గరికి నడిచాడు. మందులు కలిపే కాంపౌండరును పిలిచాడు, అతను కరీంనగర్ వాడే. "ఈ అమ్మగారి చీర ఏ రంగోయ్?" "పచ్చ సార్," అన్నాడు అతను, ఇదేం ప్రశ్న అన్నట్టు. వరండాలో దగ్గుకుంటూ కూర్చున్న ముసలమ్మ ఎవరూ అడగకుండానే లోపలికి తొంగి చూసింది. "పచ్చచీరె, మస్తుగున్నది బిడ్డా. ఏడ తీసుకున్నవ్?"

"మెట్‌పల్లిల," అన్నాను, అంత కోపంలోనూ.

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "ఏవిటిది! జిల్లా మొత్తానికా?" అన్నాడు తనలో తాను. ఆయన శాస్త్రం ఆయన్ను వదిలిపెట్టి పోతున్నట్టుంది ఆ ముఖం.

అప్పుడు ఆమె సంచీ కింద పెట్టింది. నాలా అరవలేదు. ఆయన ముందుకు వెళ్లి మెల్లగా అడిగింది.

"డాక్టర్ సాబ్, మీ దిక్కు పచ్చ అంటే ఏ రంగు?"

"పచ్చ అంటే..." ఆయన కిటికీలోంచి వేపచెట్టును చూపించాడు. "అదిగో, అది. ఆకు రంగు."

"మరి మా వదినె చీరె?"

"పసుపు."

"మా దిక్కు గిదే పచ్చ సార్. పచ్చ అంటే పసుపు రంగే. చెట్టుది ఆకుపచ్చ. మీరు ఆకుపచ్చ దీపం వెట్టినప్పుడు నేను ఆకుపచ్చ అన్న. పసుపు దీపం వెట్టినప్పుడు పచ్చ అన్న. మీకు రెండూ ఒక్కటిగ వినవడ్డయి."

 డాక్టరు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "అయ్యో రామా! తెలుగులో చెప్పమన్నది నేనే," అన్నాడు. కాంపౌండరు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఇంకేముంది, సంతకం పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. కలం తీశాడు, మళ్లీ మూత పెట్టాడు. "మాట తేడా అని తేలింది. కళ్లు బావున్నాయని ఇంకా తేలలేదు. నా సంతకం చూసుకుని రేపు నిన్ను ఒంటరిగా పైకి వదులుతారు తల్లీ. ఊరికే పెట్టను," అన్నాడు. నాకు మళ్లీ ఒళ్లు మండబోయింది. ఆమె మాత్రం, "పెట్టొద్దు సార్. మళ్ల చూడుండ్రి," అన్నది. అప్పుడు ఆ ఇద్దర్నీ చూస్తే నాకు ముచ్చటేసింది. ఒకరు తప్పు జరిగిందని సిగ్గుపడి తొందరపడలేదు, ఇంకొకరు గెలిచానని తొందరపెట్టలేదు. పని మీద భక్తి అంటే ఏమిటో నేను ఆ గదిలోనే చూశాను.

"అయితే ఏ భాషలో చెప్తావు?" అన్నాడు.

"రంగు పేరే చెప్ప సార్. సామాను పేరు చెప్త. మిరప్పండు, పసుపుకొమ్ము, వేపాకు, పాలు. గీటికి మీ దిక్కు, మా దిక్కు ఒకటే రంగు గద?"

డాక్టరు కలం పక్కన పెట్టాడు. లేచి తనే తెర దించాడు. ఈసారి మామను కూడా లోపలే కూర్చోబెట్టాడు. ఆమె నోటివెంట మిరప్పండు, పాలు, వేపాకు, పసుపుకొమ్ము, వేపాకు, మిరప్పండు అని ఒక్కో దీపానికీ ఒక్కో మాట వస్తోంది. ఆయన వేగం పెంచాడు. ఆమె కూడా పెంచింది. వెలుతురు బాగా చిన్నది చేశాడు, చీమ కన్నంత చేశాడు. అయినా "పసుపుకొమ్ము" అన్నది. నాకు వంటింట్లో కూర్చున్నట్టనిపించింది. ఆమె పక్కన చీకట్లో మామ పెదాలు కదుపుతూ అవే మాటలు తనలో తాను అనుకుంటున్నాడు. నేను విన్నాను. ఒక్కటి కూడా తప్పలేదు, తండ్రికీ తప్పలేదు.

అంతటితోనూ ఆయన ఆగలేదు. తెర తీసి, ట్రంకుపెట్టె అడుగునుంచి రంగురంగుల ఉన్ని పోగులు తీసి బల్లమీద పోశాడు. ఒకటి చేతికిచ్చి, "నోరెత్తకు. దీనికి దగ్గరివన్నీ ఏరు," అన్నాడు. ఆకుపచ్చల్లోనే ఎన్ని రకాలో! ఆమె వేళ్లు చకచకా ఏరి కుప్ప పెట్టాయి. ఒక్క పోగు దగ్గర ఆగి, పక్కకు పెట్టేసింది. డాక్టరు దాన్ని తీసి వెలుతుర్లో చూసి, "సరే, ఇది నాకే అనుమానం," అన్నాడు.

అప్పుడు కలం మూత తీసి సంతకం పెట్టాడు.

కాగితం మామ చేతికిస్తూ, "పంతులుగారూ, మిమ్మల్ని ఊరికే బాధపెట్టాను. మీ నెత్తురులో ఏ లోపమూ లేదు. మీ కళ్లూ బావున్నాయి. లోపం ఉంటే గింటే నా చెవుల్లో ఉంది," అన్నాడు. మామ లేచి నిలబడ్డాడు. కాగితాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. డాక్టరు ఆమె తలమీద చెయ్యి పెట్టి, "పచ్చగా ఉండు తల్లీ," అన్నాడు. అనేసి, తనే నాలుక కరుచుకుని, "ఏ పచ్చ అని అడక్కు!" అన్నాడు. అందరం నవ్వాం. వరండాలో ముసలమ్మ కూడా నవ్వింది, ఎందుకో ఆమెకు తెలియకపోయినా.

ఆ తర్వాత ఆయన దగ్గరికి ఎవరు పరీక్షకు వెళ్లినా లాంతరు వెలిగించే ముందు "మీదే ఊరు?" అని అడిగేవాడని విన్నాను. అలాంటి మనిషిని ఎలా మెచ్చుకోకుండా ఉంటాం?

బస్సు దగ్గరికి నడుస్తుంటే మామ ఆగి, వెనక్కి తిరిగి, "కోడలా, నువ్వు గట్ల గట్టిగ మాట్లాడకపోతే నేను బిడ్డను ఇంటికి తోలుకపోతుంటి," అన్నాడు. నేరుగా నాతోనే! అప్పటినుంచి మా మధ్య తలుపు చాటు లేకుండా పోయింది. నా నోటికి విడుదల దొరికింది, పాపం ఆయన చెవులకు పని పెరిగింది.

సర్టిఫికెట్టు వేళకు చేరింది. మబ్బుల గురించీ గాలి గురించీ అడిగినవాటికి జవాబులు చెప్పింది, విద్యార్థి లైసెన్సు చేతికొచ్చింది. గురువుతో కలిసి ఎగరడం మొదలైంది. ఇంకొన్నాళ్లకు జాబు రాసింది, ఒంటరిగా వదిలే రోజు దగ్గరపడిందనీ, అయితే ఆ రోజు ఏదో గురువు ముందుగా చెప్పడనీ. మామకు అంతే చాలు. నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదులో మా చిన్నమ్మ ఇంట్లో దిగాడు. రోజూ పొద్దున్నే వెళ్లి విమానాల మైదానం కంచె దగ్గర నిలబడేవాళ్లం. సద్దిమూట కూడా కట్టుకుపోయేవాళ్లం.

ఒక పొద్దున విమానం దిగి, ఆగింది. ముందు గురువు దిగాడు. దిగి, తలుపు వేసి, చెయ్యి ఊపి, పక్కకు నడిచి వచ్చేశాడు. లోపల ఒక్కతే. మామ కంచె తీగ పట్టుకున్నాడు. విమానం ఉరికింది, లేచింది, చిన్నదైపోయింది.  ఎప్పుడూ ఏదో ఒకటి వాగే నేను రాయిలా నిలబడ్డాను.

చుట్టు తిరిగి, దిగడానికి వంగింది. అప్పుడు మైదానం పక్కన, విమానాలకు సైగలు చేసే బురుజు మీంచి దీపం వెలిగింది. ఎర్రది!

"ఏమైంది? ఎందుకు దిగనిస్తలేరు?" అన్నాడు మామ.

"ఏమో మామా, ఎర్ర చూపెట్టిండ్రు."

పెద్ద విమానం ఒకటి దిగడానికి వస్తోందని పక్కనున్నవాళ్లు చెప్పారు. అది సరే, ఆ దీపం ఆమె చూసిందా? గాలిలో ఒంటరిగా, మొదటిసారి, గుండె దడదడ కొట్టుకుంటుంటే ఆ చిన్న వెలుతురు కంటికి ఆనిందా? ఇంకా కిందికే వస్తోంది. మామ వేళ్లు తీగకు కోసుకుపోతున్నాయి, ఆయనకు తెలియడం లేదు. "మిరప్పండు బిడ్డా, మిరప్పండు," అంటున్నాడు గొణుగుతూ.

విమానం ముక్కు పైకెత్తింది. లేచి, మా తలల మీదుగా పోయి, మళ్లీ చుట్టు తిరగడం మొదలుపెట్టింది. చూసింది! నేను కేకేశాను. పెద్ద విమానం దిగి పక్కకు పోయింది. ఈమె తిరిగి వచ్చి మళ్లీ వంగింది. బురుజు మీద దీపం మారింది.

"మామా, చూడుండ్రి! ఆకుపచ్చ ఇచ్చిండ్రు! దిగుతున్నది!"

మామ కళ్లజోడు చేతిలో ఉంది. చెంపల మీదుగా మీసాల్లోకి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"నువ్వే చూసి చెప్పు బిడ్డా," అన్నాడు. "నా కండ్లకు ఇప్పుడు ఏ రంగు కనవడ్తలేదు."

చక్రాలు నేలకు తగిలేదాకా నేను చూసి చెబుతూనే ఉన్నాను.